పాత ట్రంకు పెట్టె తెరిస్తే వచ్చే ప్రశ్నలు

ట్రంకు పెట్టె మూత ఎత్తగానే ముందు వాసన వస్తుంది, ఆ వెనకే ప్రశ్నలు వస్తాయి. ఈ ఫోటోలో ఉన్నది ఎవరు? ఈ వెండి గిన్నె ఎందుకిలా నల్లబడింది? ఈ ఉత్తరం మడత విప్పితే చిరిగిపోతుందా? ఇదంతా స్కాన్ చేసి పడేస్తే పోలా? ఇలా నన్ను పదే పదే అడిగేవాటికి జవాబులు ఒకచోట రాశాను. ఒక్క మాట ముందే చెప్పాలి. కాలం పాడుచేసిన వస్తువులకన్నా మనం ప్రేమకొద్దీ పాడుచేసుకున్నవే నేను ఎక్కువ చూశాను. వాటిలో నా ఘనకార్యాలూ ఉన్నాయి.

పాత పుస్తకాలకు ఆ కమ్మటి వాసన ఎక్కడిది?

కాగితం మెల్లగా శిథిలమవుతున్న వాసన అది. వినడానికి బాగోదు కానీ సంగతి అదే. కాగితం పోగులకు మూలమైన సెల్యులోజ్, చెక్కలో ఆ పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ ఏళ్ల తరబడి విచ్ఛిన్నమవుతూ గాలిలోకి రకరకాల ఆవిర్లు వదులుతాయి. వెనిల్లాకి వాసన ఇచ్చే వెనిలిన్‌కీ లిగ్నిన్‌కీ దగ్గరి చుట్టరికం, అందుకే కొన్ని పుస్తకాలు తియ్యగా వాసనేస్తాయి. తియ్యగా కాకుండా ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం అది బూజు. అలాంటి పుస్తకాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

రెండు వందల ఏళ్ల పుస్తకం తెల్లగా ఉంటే, ముప్పై ఏళ్ల న్యూస్‌పేపర్ పచ్చబడి పొడిపొడి అవుతుందేం?

కొత్తది కదా గట్టిగా ఉండాలి అనుకుంటాం. కాగితం విషయంలో లెక్క తిరగబడింది. 19వ శతాబ్దం మధ్య దాకా యూరప్‌లో కాగితాన్ని పాత గుడ్డపేలికల నుంచి, అంటే నార, నూలు బట్టల నుంచి చేసేవారు. ఆ పోగులు పొడవు, బలం ఎక్కువ. చదివేవాళ్లు పెరిగారు, పేలికలు చాలలేదు. 1844లో జర్మనీలో ఫ్రీడ్రిక్ కెల్లర్ చెక్కను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. కాగితం చవకైంది, కానీ చెక్కతో పాటు లిగ్నిన్ కూడా లోపలికి వచ్చింది. వెలుతురు, గాలి తగిలితే పచ్చబడేది అదే.

అంతకన్నా పెద్ద శత్రువు ఆమ్లం. సిరా పీల్చేసుకోకుండా కాగితానికి పటిక, రెజిన్ (చెట్టు బంక) కలిపి పట్టించడం 1807 నుంచి మొదలైంది. ఆ పటిక తేమతో కలిసి లోలోపల ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. మడతపెట్టిన చోటే ముందు విరగడం చూసే ఉంటారు. పైగా ఈ ఆమ్లం పక్క కాగితానికి పాకుతుంది. మంచి ఉత్తరాల మధ్య న్యూస్‌పేపర్ కటింగ్ పెడితే, కొన్నేళ్లకు దాని ఆకారంలోనే ఉత్తరం మీద గోధుమరంగు నీడ పడుతుంది. కటింగులను విడిగా, ఆమ్లం లేని కాగితం కవర్లో పెట్టండి.

ముఖ్యమైన ఉత్తరాన్ని లామినేషన్ చేయించొచ్చా?

వద్దు. ఇది నేను చేసిన తప్పే. మా నాన్న నాకు రాసిన ఒకే ఒక్క పెద్ద ఉత్తరాన్ని భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించాను. యంత్రంలోంచి వేడిగా బయటికొచ్చినప్పుడు ఎంత మురిసిపోయానో. ఆరేడేళ్లకు లోపల సిరా చెదిరింది, ఒక మూల ప్లాస్టిక్ లేచి బుడగ కట్టింది, దాని కింద కాగితం రంగు మారింది. ఇప్పుడు దాన్ని విడదీయాలంటే కాగితం పొర కూడా ప్లాస్టిక్‌తో పాటే వచ్చేస్తుంది. వేడి, జిగురు, లోపల ఇరుక్కుపోయిన ఆమ్లం, మూడూ కాగితానికి పడవు. దేనికైనా ఒక పరీక్ష ఉంది: ఈరోజు చేసింది రేపు విప్పి వెనక్కి తీసుకోగలమా? తీసుకోలేనిది చేయకూడదు. ప్లాస్టిక్ కావాలంటే అతికించనక్కర్లేని పాలియెస్టర్ కవర్ వాడండి. మెత్తగా ఉండి కొత్త రెయిన్‌కోటు వాసనొచ్చే పీవీసీ కవర్లు మాత్రం వద్దు.

చిరిగినచోట సెల్లోటేపు?

అదీ వద్దు. టేపు ఊడిపోతుంది, జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మిగిలిపోతుంది. చిరిగిన ముక్కలను అలాగే ఒక కవర్లో జత చేసి ఉంచడం ఎంతో నయం. రబ్బరు బ్యాండ్లు, స్టేప్లర్ పిన్నులు, గుండుసూదులు ఉంటే తీసేయండి. రబ్బరు కరిగి అంటుకుంటుంది, ఇనుము తుప్పు పడుతుంది.

సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లౌజులు వేసుకోవాలా?

కాగితానికి అక్కర్లేదు. బ్రిటిష్ లైబ్రరీ కూడా చాలా రాతప్రతులకు శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మంచివని చెబుతుంది. గ్లౌజు తొడిగితే వేళ్లకు స్పర్శ తెలియదు, పెళుసు అంచు గుడ్డకి తగులుకుని చిరుగుతుంది. ఫోటోలు, నెగెటివ్‌లు, లోహపు వస్తువులకు మాత్రం గ్లౌజులు వేసుకోండి. చెమటలోని ఉప్పు, జిడ్డు వాటి మీద వేలిముద్రలుగా శాశ్వతంగా దిగబడతాయి.

ఇంట్లోకి నీళ్లొచ్చి పుస్తకాలు, ఫోటోలు తడిసిపోయాయి. ముందు ఏం చేయాలి?

టెన్షన్ పడి ఎండలో పరిచేయకండి. మీ చేతిలో దాదాపు 48 గంటలు ఉన్నాయి. ఆ తర్వాత బూజు మొదలవుతుంది. కొద్దిగానే తడిస్తే పుస్తకాన్ని విసనకర్రలా తెరిచి నిలబెట్టి, ఫ్యాన్ గాలి గదిలో తిరిగేలా చూడండి. ఎక్కువగా ఉంటే కవర్లలో పెట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. ఫ్రీజర్ దేన్నీ బాగుచేయదు, పాడవడాన్ని ఆపి మీకు టైమ్ ఇస్తుంది. తర్వాత ఒక్కొక్కటీ తీసి తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోతే లాగకండి. చల్లని శుభ్రమైన నీళ్లలో కాసేపు ఉంచితే చాలావరకు వాటంతటవే విడతాయి, ఆపైన బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. ఫ్రేము అద్దానికి అతుక్కుని ఎండిపోయిన ఫోటో సంగతి వేరు. దాన్ని అద్దం మీదుగానే స్కాన్ చేసి అలాగే వదిలేయండి.

1966 నవంబర్ 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్‌ని ముంచెత్తినప్పుడు అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదలో మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్లు వచ్చి వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి అందిస్తూ వాటిని బయటికి తెచ్చారు. వాళ్లని ఇప్పటికీ ‘బురద దేవదూతలు’ అంటారు. పాత కాగితాలను కాపాడే పని ఒక శాస్త్రంగా నిలదొక్కుకోవడానికి ఆ వరద పెద్ద కారణం.

వందేళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫోటో బాగానే ఉంది, మా పెళ్లి కలర్ ఫోటోలు ఎర్రబడిపోయాయి. ఎందుకు?

బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో నలుపు అంటే నిజంగా వెండే. జెలటిన్ పొరలో చిక్కుకున్న సన్నని వెండి రేణువులు. కలర్ ఫోటోలో లోహం మిగలదు, మూడు రంగుల అద్దకం మాత్రమే ఉంటుంది. అద్దకం బట్టకైనా బొమ్మకైనా వెలిసిపోయేదే. 1960లు, 70ల నాటి కలర్ ప్రింట్లలో నీలిఛాయ రంగు చీకట్లో ఉంచినా ముందు తగ్గిపోతుంది, మిగిలిన రెండూ కలిసి ఫోటో ఎర్రగా కనిపిస్తుంది. ఆల్బమ్‌లో దాచినా ఎందుకిలా అయిందని బాధపడేవాళ్లకు జవాబు ఇదే, తప్పు మీది కాదు. వేడి, తేమ తగ్గిస్తే ఈ పని నెమ్మదిస్తుంది, అంతే. అందుకని ఇంట్లో ముందుగా స్కాన్ చేయాల్సినవి తాతల ఫోటోలు కావు, కలర్ ఫోటోలు.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. నల్లటి భాగాల్లో నీలంగా అద్దంలా మెరుస్తుంటే లోపలి వెండి పైకి తేలుతోందని అర్థం. తుడవకండి.

పాత ఫోటోల్లో ఎవరూ నవ్వరేం?

సగం కారణం కెమెరాది, సగం మర్యాదది. ఇప్పటికీ మిగిలి ఉన్న తొలి కెమెరా ఫోటో ఫ్రాన్స్‌లో నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన కిటికీలోంచి తీసింది. దానికి గంటల తరబడి వెలుతురు పట్టాల్సి వచ్చింది. 1839లో లోహపు రేకు మీద ఫోటో తీసే డాగెరోటైప్ పద్ధతి వచ్చాక అది నిమిషాలకు దిగింది, తర్వాత కొన్నేళ్లకే ఇంకా తగ్గింది. అయినా కదలకుండా ఉండాలి కనుక స్టూడియోల్లో తల వెనక ఇనుప ఊతం పెట్టేవాళ్లు. పాత ఫోటోల్లో కాళ్ల వెనక ఆ స్టాండు పాదం అప్పుడప్పుడు కనిపిస్తుంది. వెతకండి, సరదాగా ఉంటుంది.

నవ్వు పట్టుకునేంత వేగం కెమెరాకి వచ్చాక కూడా జనం చాలాకాలం బిగుసుకునే కూర్చున్నారు. జీవితంలో ఒకటి రెండుసార్లు తీయించుకునే బొమ్మలో పళ్లు కనబడటం గౌరవం కాదనుకున్నారు. 1900లో కొడాక్ బ్రౌనీ లాంటి చిన్న కెమెరాలు ఇళ్లలోకి వచ్చాకే ముఖాలు సడలాయి.

మా ఇంట్లో పాత చెక్కపెట్టె ఉంది. కార్బన్ డేటింగ్ చేయిస్తే వయసు తెలుస్తుందా?

చెట్టు బతికున్నంతకాలం గాలిలోంచి కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ని తీసుకుంటుంది, చచ్చాక అది తరుగుతూ పోతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది. దీన్ని గడియారంగా వాడొచ్చని 1940ల చివర చూపించిన విలార్డ్ లిబీకి 1960లో నోబెల్ వచ్చింది. సుమారు 50,000 ఏళ్ల వెనక్కి దీంతో వెళ్లొచ్చు.

మీ పెట్టె విషయంలో రెండు చిక్కులు. తెలిసేది చెక్క వయసే, పెట్టె చేసిన ఏడాది కాదు. పైగా 1650 నుంచి 1950 మధ్య గాలిలో కార్బన్-14 ఎగుడుదిగుడుగా ఉండటంతో ఆ మూడొందల ఏళ్లలో ఎక్కడైనా కావచ్చు అనే జవాబే చాలాసార్లు వస్తుంది. లోహానికి, రాయికి ఈ పద్ధతి పనికిరాదు. విచిత్రమేమిటంటే 1955 తర్వాతి వస్తువుల వయసు చెప్పడం సులువు. అప్పటి అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అమాంతం పెరిగి, 1960ల మధ్య నుంచి మళ్లీ తగ్గుతూ వచ్చింది. పాతదని అమ్మజూపే నకిలీ బొమ్మల గుట్టు ఈ ఆనవాలే బయటపెడుతుంది. మీ పెట్టెకి మాత్రం మేకులు, కీలు, తాళం చూసి చెప్పగలిగిన మనిషి చాలు.

వెండి ఎందుకు నల్లబడుతుంది? దంతమంజనంతో తోమొచ్చా?

నలుపు అంటే సిల్వర్ సల్ఫైడ్. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిస్తే ఏర్పడే పొర. ఉన్ని బట్టలు, రబ్బరు గంధకాన్ని వదులుతాయి కాబట్టి వెండిని వాటి పక్కన పెట్టకూడదు. దంతమంజనం వద్దు, అది నలుపుతో పాటు వెండిని కూడా గీకేస్తుంది.

అల్యూమినియం ఫాయిల్ పరిచిన గిన్నెలో వేడినీళ్లు, వంటసోడా వేసి, వెండి ఫాయిల్‌కి తగిలేలా పెట్టండి. కాసేపటికి కుళ్లిన గుడ్డు కంపు వస్తుంది. అదే గుర్తు. గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళ్తోంది, వెండి మాత్రం వస్తువు మీదే మిగులుతుంది. రాళ్లు పొదిగినవి, అతికించినవి, చెక్కడాల లోతుల్లో కావాలని నల్లగా ఉంచినవి ఇందులో వేయకండి. ఆ నలుపు పోతే చెక్కిన బొమ్మ ముఖమే చదునుగా కనిపిస్తుంది.

పాత నాణేలు చింతపండుతో తోమితే తళతళలాడతాయి కదా?

తళతళలాడతాయి, నాణెం మాత్రం పోతుంది. పులుపులోని ఆమ్లం పై పొరను తినేస్తుంది. సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు. రాగి మీద సమంగా పట్టిన చిలుము లోపలి లోహానికి కవచం. న్యూయార్క్‌లోని లిబర్టీ విగ్రహం 1886లో రాగిరంగులోనే ఉండేది, 1920 నాటికి పచ్చబడింది, ఆ పచ్చదనమే రాగిని కాపాడుతూ వస్తోంది. పొడిపొడిగా రాలే లేతాకుపచ్చ మచ్చలు మాత్రం మంచివి కావు, అవి లోహాన్ని తినే జబ్బు. ఆ నాణేన్ని విడిగా, పొడిగా పెట్టండి.

నాణేల అంచు మీద గీతలెందుకని పిల్లలు తరచూ అడుగుతారు. వెండి, బంగారు నాణేల రోజుల్లో దొంగలు అంచులు కత్తిరించి ఆ తునకలు కరిగించుకునేవాళ్లు. గీతలుంటే కత్తిరించింది తెలిసిపోతుంది. 1696లో లండన్ టంకశాలకు వార్డెన్‌గా వెళ్లిన ఐజాక్ న్యూటన్ గీతలను కనిపెట్టలేదు కానీ దొంగనాణేల వాళ్ల వెంటపడ్డాడు. విలియం చాలోనర్ అనే ఘరానా మోసగాడిని 1699లో ఉరికంబం దాకా తీసుకెళ్లాడు.

పాత కిటికీ అద్దాలు కిందివైపు మందంగా ఉంటాయి. గాజు కారుతుందా?

కారదు. అప్పట్లో గాజుపలకలు సమమైన మందంతో వచ్చేవి కావు, అంతే.

పాప పుట్టువెంట్రుకలు దాచాం. ఎంతకాలం ఉంటాయి?

పొడిగా, పురుగు పట్టకుండా ఉంటే వందల ఏళ్లు. జుట్టులోని కెరాటిన్ అంత గట్టిది. చిన్న కాగితం పొట్లంలో పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు.

పొట్లం మీద పేరు ఎందుకు రాయాలో జర్మన్ సంగీతకారుడు బీథోవెన్ జుట్టు చెబుతుంది. 1827లో ఆయన పోయినప్పుడు అభిమానులు వెంట్రుకలు కత్తిరించి దాచుకున్నారు. వాటిలో హిల్లర్ అనే కుర్రాడు తీసుకున్నదిగా పేరుపడిన పాయను పరీక్షించి, ఆయనకు సీసం విషం ఎక్కిందని లోకమంతా చెప్పుకుంది. 2023లో శాస్త్రవేత్తలు ఎనిమిది పాయల డీఎన్ఏ చూస్తే అయిదే ఆయనవని తేలింది. హిల్లర్ పేరున్న పాయ ఎవరో ఒక స్త్రీది! కథ అక్కడితో ఆగలేదు. 2024లో అసలైన పాయలను పరీక్షిస్తే వాటిలోనూ సీసం చాలా ఎక్కువగానే దొరికింది.

బట్టల మధ్య కలరా ఉండలు వేయొచ్చా?

పురుగు చస్తుంది కానీ ఆ ఆవిరి మనకూ మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, వాసన ఏళ్లకేళ్లు వదలదు. పురుగు పట్టిన బట్టనో పుస్తకాన్నో గాలి తీసిన కవర్లో మూసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకండి, లేకపోతే తడి పట్టేస్తుంది. పట్టుబట్టలను మడతలు మార్చి మార్చి పెట్టండి. ఒకే మడత దశాబ్దాలు ఉంటే పట్టు అక్కడే గీసినట్టు తెగుతుంది.

అమ్మమ్మ గొంతు ఉన్న క్యాసెట్ దొరికింది. ప్లే చేయొచ్చా?

ఆత్రపడకండి. ముందు మూత తీసి వెలుతురులో చూడండి. రీలు అంచున తెల్లటి పొడి ఉంటే బూజు, ప్లే చేస్తే టేపు పోతుంది, టేప్‌రికార్డర్ కూడా పాడవుతుంది. బాగానే కనిపిస్తే, పోయినా పర్వాలేదనుకునే మరో క్యాసెట్‌తో టేప్‌రికార్డర్‌ని పరీక్షించండి. అప్పుడు మీది పెట్టి, మొదటిసారే కంప్యూటర్‌లోకి రికార్డు చేయండి. ఆ మొదటిసారే ఆఖరిసారి కావచ్చు. మాట మొదలవకముందే అదే మాట దూరం నుంచి సన్నగా వినిపిస్తే భయపడకండి. ఏళ్లుగా ఒకదానిమీద ఒకటి చుట్టుకుని ఉన్న టేపు పొరల్లో ఒకదాని అయస్కాంత ముద్ర పక్కదానికి అంటుకోవడం వల్ల అలా జరుగుతుంది.

పాత సినిమా రీలుంటే మూత తీసి వాసన చూడండి. ఘాటుగా వెనిగర్ కంపు కొడితే ఆ ఫిల్ము ఆమ్లం వదులుతోంది. మిగతా రీళ్లకు దూరంగా, చల్లగా ఉంచి వీలైనంత త్వరగా కాపీ చేయించండి.

మనిషి గొంతు మొదట రికార్డయింది ఎడిసన్ వల్లేనా?

రికార్డు చేసి తిరిగి వినిపించింది 1877లో ఎడిసనే. గొంతును పట్టింది మాత్రం ఆయనకన్నా ముందు పారిస్‌లో స్కాట్ ద మార్టిన్‌విల్. పొగచూర్చిన కాగితం మీద శబ్దాన్ని వంకర గీతగా గీయించాడు, కళ్లతో చదవడానికి. వినాలన్న ఆలోచనే లేదు. 1860 ఏప్రిల్ 9న గీసిన ఒక కాగితాన్ని 2008లో అమెరికాలో స్కాన్ చేసి శబ్దంగా మార్చితే ఓ ఫ్రెంచ్ జానపద పాట ముక్క వినిపించింది. మొదట ఎవరో చిన్నపిల్ల పాడినట్టుంది అనుకున్నారు. తర్వాత చూస్తే వేగం రెట్టింపు పెట్టారట! సరిచేస్తే మెల్లగా పాడుతున్న మగగొంతు, బహుశా స్కాట్‌దే.

అన్నీ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెడితే సరిపోదా?

స్కాన్ చేయండి, కానీ అసలువి పారేయకండి. ఇంగ్లండ్ రాజు 1086లో రాయించిన భూముల లెక్క, డూమ్స్‌డే బుక్, ఇప్పటికీ చదవొచ్చు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ లక్షల మందితో సమాచారం పోగుచేయించి లేజర్ డిస్కుల మీద కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. పదిహేనేళ్లు తిరక్కుండానే ఆ డిస్కులు చదివే యంత్రాలు కరువై, దాన్ని బతికించడానికి నిపుణులు కుస్తీ పట్టాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఫ్లాపీ డిస్క్ ఉందేమో చూడండి, తెరవగలరా?

పెన్‌డ్రైవ్ సమాచారాన్ని విద్యుదావేశంగా దాచుకుంటుంది, ఏళ్లతరబడి వాడకపోతే అది కారిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో. అయిదారేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చుకోవాలి. విసుగు పనే. షాపు బిల్లుల్లాంటి థర్మల్ కాగితాలుంటే ఈ వారమే స్కాన్ చేయండి, వాటిలో సిరా ఉండదు, వేడికి మారిన రంగు మాత్రమే ఉంటుంది.

పిల్లల కోసం టైమ్ క్యాప్సూల్ పాతిపెడదామనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?

ఆలోచన మంచిదే, పాతిపెట్టడమే మంచిది కాదు. 1957లో అమెరికాలోని టల్సా ఊరివాళ్లు కొత్త ప్లిమత్ కారును కాంక్రీటు గోతిలో దించి మూసేశారు. యాభై ఏళ్ల తర్వాత పెట్రోలు దొరుకుతుందో లేదోనని పెట్రోలు కూడా పెట్టారు. అణుదాడిని తట్టుకుంటుందన్న ఆ గోతిలోకి నీళ్లు మాత్రం తాపీగా వెళ్లిపోయాయి. 2007లో జనం చూస్తుండగా బయటికి తీస్తే వచ్చింది బురదపూసిన తుప్పుముద్ద.

1938లో న్యూయార్క్‌లో వెస్టింగ్‌హౌస్ వాళ్లు పాతిన క్యాప్సూల్‌ని 6939లో తెరవాలి. వాళ్లు ఒక తెలివైన పని చేశారు. అది ఎక్కడుందో, ఏముందో రాసిన పుస్తకాన్ని ప్రపంచంలోని లైబ్రరీలకు పంచిపెట్టారు. మీరు పెట్టెను బీరువాలో పెట్టి, తెరవాల్సిన తేదీ పైన రాయండి. ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పండి.

ఫోటో వెనక ఏం రాయాలి, దేంతో రాయాలి?

మెత్తటి పెన్సిల్‌తో, గట్టి బల్లమీద బోర్లా పెట్టి, అంచు దగ్గర, ఒత్తకుండా. బాల్‌పెన్ గాడి ముందువైపు ముఖం మీద తేలుతుంది, స్కెచ్ పెన్ ఇంకిపోతుంది. వెనకవైపు ప్లాస్టిక్‌లా నున్నగా ఉండి పెన్సిల్ పడకపోతే, ఆమ్లం లేని కవర్ మీద రాసి ఫోటోని అందులో పెట్టండి. పూర్తి పేర్లు ఎడమ నుంచి కుడికి, ఊరు, ఏడాది. ‘అత్తయ్య, బాబాయి’ అని రాయకండి, యాభై ఏళ్లకు ఎవరికి అత్తయ్యో తెలియదు.

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. మెట్ల మీద ఆరుగురు అమ్మాయిలు. చివరి ఇద్దరూ నవ్వు ఆపుకోలేక కదిలారు కాబోలు, ముఖాలు చెదిరాయి. వాళ్లలో ఒకరు మా నానమ్మ అని చెప్పేవాళ్లు, ఎవరో చూపించగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. వెనక్కి తిప్పితే ముత్యాల్లాంటి అక్షరాలతో, శుభ్రంగా పెన్సిల్‌తో, ఒకే మాట రాసుంది: “మేమే!”